పాత జాన్సన్ 6 హెచ్‌పీ: తాడు లాగితే వెనక్కి తంతోంది, టైమింగ్ ఎక్కడ మార్చాలి?

సరస్సు_గట్టు
1960ల నాటి జాన్సన్ 6 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ మోటారు, రెండు సిలిండర్లది. ఇక్కడ మిన్నెసోటాలో మా పక్కింటి పెద్దాయన చిన్న అల్యూమినియం బోటుతో పాటు ఇచ్చారు. పోయిన సీజన్ దాకా బంగారంలా నడిచింది. ఈసారి చలి తగ్గాక ఒక షాపులో పాయింట్లు (విడిపోయినప్పుడు స్పార్క్ వచ్చేలా చేసే చిన్న స్విచ్‌లు), వాటి కండెన్సర్లు కొత్తవి వేయించా. అప్పట్నుంచి మొదలైంది టెన్షన్. తాడు లాగితే అప్పుడప్పుడూ ఒక్కసారిగా వెనక్కి గుంజుతోంది, హ్యాండిల్ చేతిలోంచి ఊడిపోతోంది. స్టార్ట్ అయ్యాక స్లోలో పర్వాలేదు. ఫుల్ థ్రాటిల్ ఇస్తే కాసేపు బాగానే పోయి, తర్వాత బరువెక్కి స్పీడు పడిపోతోంది. షాపులో అడిగితే "పాత మోటారు కదా, అంతే" అంటున్నారు. టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం, ముందుకి జరిగిందని నా అనుమానం. పై కవర్ తీసి చూస్తే టైమింగ్ మార్చే స్క్రూ ఏదీ కనపడలేదు. ఫ్లైవీల్ కింద ఉన్న ప్లేటు మొత్తం థ్రాటిల్‌తో పాటు అటూ ఇటూ తిరుగుతోంది. దీనికి టైమింగ్ ఎక్కడ సెట్ చేస్తారు?

చేతక్_చక్రం
ప్లేటు లూజ్ చేసి కాస్త వెనక్కి తిప్పి బిగించెయ్ అన్నా. మా చేతక్‌కి అలాగే చేస్తాం. పావుగంట పని.

పాత_ఇంజన్ల_పిచ్చి
ఆ పని మాత్రం చెయ్యొద్దు. చేతక్ ప్లేటు ఒకసారి బిగిస్తే కదలదు. జాన్సన్‌లో ప్లేటు కదలడానికే పెట్టారు. థ్రాటిల్ తిప్పితే ముందు ఆ ప్లేటు తిరుగుతుంది, దాంతో పాయింట్లు కూడా తిరిగి కామ్‌ని (షాఫ్ట్‌తో తిరుగుతూ పాయింట్లని తెరిచే ఎత్తుపల్లాల ముక్క) ముందుగా అందుకుంటాయి, స్పార్క్ అడ్వాన్స్ అవుతుంది, అంటే ముందే పడుతుంది. అదే ప్లేటుకి ఉన్న ఇంకో కామ్ కార్బొరేటర్ రోలర్‌ని తోసి థ్రాటిల్ తెరుస్తుంది. అంటే స్పీడుకి తగ్గట్టు టైమింగ్ దానంతటదే మారిపోతుంది. హ్యాండిల్ గ్రిప్ మీద స్టార్ట్ అని గుర్తు ఉండేది అందుకే. గ్రిప్ ఫాస్ట్ వైపు పెట్టి తాడు లాగితే మంచి మోటారు కూడా తంతుంది.

అసలు టైమింగ్‌ని నిర్ణయించేవి మూడే. ఫ్లైవీల్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే కీ, పాయింట్లని తెరిచే కామ్, పాయింట్ గ్యాప్. కీ, కామ్ సరిగ్గా ఉంటే మన చేతిలో మిగిలేది గ్యాప్ ఒక్కటే. గ్యాప్ పెద్దదైతే పాయింట్ తొందరగా విడిపోతుంది, టైమింగ్ అడ్వాన్స్. చిన్నదైతే ఆలస్యంగా విడిపోతుంది, దాన్ని రిటార్డ్ అంటారు. ఈ మోటార్లకి గ్యాప్ 0.020 అంగుళం, అంటే 20 థౌ, సుమారు 0.51 మిల్లీమీటర్లు. దీనికి విడిగా టైమింగ్ స్క్రూ వెతకొద్దు, గ్యాపే టైమింగ్.

సరస్సు_గట్టు
స్టార్ట్ గుర్తు దగ్గరే పెట్టి లాగుతున్నానండీ. పాయింట్లు 20 థౌకే పెట్టామని షాపు వాళ్లు బిల్లు మీద రాశారు.

పాత_ఇంజన్ల_పిచ్చి
బిల్లు మీద రాయడం వేరు, పాయింట్‌కి ఉండి కామ్‌ని రాసుకునే రబ్బింగ్ బ్లాక్ ఆ కామ్ మీద అన్నిటికంటే ఎత్తైన చోట ఉన్నప్పుడు కొలవడం వేరు. కాస్త పక్కన ఉండగా 20 పెట్టేస్తే, ఎత్తు మీదకి వచ్చేసరికి గ్యాప్ ఇంకా పెరిగిపోతుంది.

ఉప్పాడ_కెరటం
మా దగ్గర ఫైబర్ బోట్ల మీద ఉన్న యమహాలు, సుజుకీలన్నీ సీడీఐ, అంటే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. పాయింట్లు లేవు, గ్యాప్ లేదు. ఫ్లైవీల్ కింద కాయిల్, ప్యాక్, అంతే. కరెంటు రాకపోతే పార్టు మార్చడమే. ఈ పాయింట్ల మోటారు మా నాన్నగారి కాలంలో చూశానేమో గుర్తు లేదు.

చేతక్_చక్రం
సరే, ప్లేటు మాట వెనక్కి తీసుకోను గానీ :) ఒక్కటి చెప్పండి. వెనక్కి తన్నడం అంటే కచ్చితంగా అడ్వాన్సేనా?

నేవీ_బాబాయ్
తాడు లాగేటప్పుడు తన్నడం వరకు చాలామటుకు అదే. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట బాగా అంటుకుంటే పీడనం పైకొచ్చే పిస్టన్‌ని కిందికి తోస్తుంది. ఉయ్యాల ఇంకా మన వైపు వస్తుండగానే తోసినట్టు. తాడుతో లాగేటప్పుడు స్పీడు తక్కువ కాబట్టి పిస్టన్‌కి దాన్ని దాటిపోయే ఊపు ఉండదు, అందుకే వెనక్కి తిరుగుతుంది.

కానీ ఫుల్ థ్రాటిల్‌లో కాసేపటికి స్పీడు పడిపోవడానికి వేరే కారణాలు చాలా ఉంటాయి. నీళ్ల పంపు ఇంపెల్లర్ అరిగితే వేడెక్కి పడిపోతుంది. పెట్రోలు సరిగ్గా అందకపోయినా అంతే. అన్నీ టైమింగ్ మీద వెయ్యకు నాయనా. ముందు రెండు ప్లగ్గులూ తీసి ఏది ఏ రంగులో ఉందో చెప్పు. నీళ్లు వస్తున్నాయా?

సరస్సు_గట్టు
నీళ్లు వస్తున్నాయి బాబాయ్. వెనక రంధ్రాల్లోంచి తుంపర బాగానే కొడుతోంది, ఇంపెల్లర్ పోయినేడే మార్పించారు. ట్యాంకు పైపు మీది పెట్రోలు తోసే రబ్బరు బల్బు నొక్కి చూశా, స్పీడు పడ్డప్పుడు నొక్కినా తేడా లేదు. ప్లగ్గులు రెండూ చాంపియన్ జె6సీ. పైది గోధుమ రంగు. కిందది తెల్లగా, చివర కాస్త బూడిద రంగు.

పాత_ఇంజన్ల_పిచ్చి
దొరికింది. కీ దెబ్బతిన్నా, కామ్ తిరగేసి పెట్టినా రెండు సిలిండర్ల టైమింగూ ఒకేలా జరగాలి, ఎందుకంటే రెండు పాయింట్లనీ తెరిచేది ఒకే కామ్. ఒక్కటే తెల్లబడిందంటే ఆ ఒక్క పాయింట్ గ్యాప్ ఎక్కువైంది. కింది సిలిండర్ పాయింట్ చూడండి.

నేవీ_బాబాయ్
అంత తొందర వద్దు. కింది సిలిండర్ ఒక్కటే తెల్లబడటానికి ఇంకో పెద్ద కారణం ఉంది. క్రాంక్ కింది సీల్ అరిగితే గాలి లోపలికి పీల్చి ఆ సిలిండర్ మిశ్రమం పల్చబడుతుంది. అప్పుడు పాయింట్లు ఎంత సరిచేసినా ప్లగ్గు తెల్లగానే వస్తుంది.

పాత_ఇంజన్ల_పిచ్చి
బాబాయ్ చెప్పింది నిజమే. కానీ సీల్ మార్చాలంటే పవర్‌హెడ్, అంటే పైనున్న ఇంజన్ మొత్తం ఎత్తాలి. గ్యాప్ చూడ్డానికి ఫ్లైవీల్ తీస్తే చాలు. పైగా కొత్త పాయింట్లు వేసిన రోజు నుంచే తన్నడం మొదలైందంటున్నారు. సీల్ ఆ రోజే చూసుకుని అరగదు కదా. ముందు తేలికది చూద్దాం.

సరస్సు_గట్టు
ఫ్లైవీల్ ఎలా తియ్యాలో కాస్త చెప్పండి. మధ్య నట్టు పెద్దది, తియ్యడానికి భయంగా ఉంది.

పాత_ఇంజన్ల_పిచ్చి
ముందు ప్లగ్గులు రెండూ విప్పి, వైర్ల చివర్లు ఇంజన్ ఇనుముకి ఆనించి కట్టండి. వైరు గాల్లో వదిలేసి ఫ్లైవీల్ తిప్పితే కరెంటు బయటికి వెళ్లడానికి దారి లేక కాయిల్ లోపలే కొట్టి కాయిల్ పగులుతుంది. పైనున్న తాడు స్టార్టర్ తీసేస్తే ఫ్లైవీల్ కనపడుతుంది.

నట్టు వదులు చేశాక పూర్తిగా తియ్యొద్దు, షాఫ్ట్ చివరికి సమంగా వచ్చేలా ఉంచండి. ఫ్లైవీల్ మీద మూడు మర రంధ్రాలుంటాయి, వాటిలోకి బోల్టులు వేసి పట్టుకునే పుల్లర్ వాడాలి. అంచుని పట్టి లాగే కాళ్ల పుల్లర్ వాడితే ఫ్లైవీల్ వంగుతుంది. పుల్లర్ బాగా బిగించి, దాని మధ్య బోల్టు తల మీద సుత్తితో ఒక్క దెబ్బ కొడితే టక్కున వదులుతుంది. షాఫ్ట్ మీద నేరుగా కొట్టొద్దు, మర పాడవుతుంది.

తీశాక ఫ్లైవీల్ నేల మీద పెట్టొద్దు. లోపలి అయస్కాంతాలు ఇనప రజను అంతా పీల్చుకుంటాయి. అది కాయిల్ దగ్గరికి చేరితే కొత్త తలనొప్పి.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. షాఫ్ట్ తిప్పేటప్పుడు పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పండి. వెనక్కి తిప్పితే కింద నీళ్ల పంపు ఇంపెల్లర్ రెక్కలు అడ్డం తిరిగి మడతపడతాయి.

చేతక్_చక్రం
అది కొత్త విషయం. స్కూటర్‌కి అలాంటి గొడవ లేదు కదా.

సరస్సు_గట్టు
ఫ్లైవీల్ ఊడింది. కామ్ మీద టాప్ అని రాసినవైపు పైకే ఉంది. కీకి ఒక పక్క చిన్న మెట్టు కనపడుతోంది, గోరు పెడితే తగులుతోంది. పాయింట్ విడిపోయే క్షణం మీటర్‌తో చూద్దామని బీప్ మోడ్‌లో పెట్టా. పాయింట్ విడిపోయి కంటికి గ్యాప్ కనపడుతున్నా బీప్ ఆగడం లేదు. పాయింట్ షార్ట్ అయిందా?

లక్ష్మి_మీటర్
పాయింట్‌కి ఏమీ కాలేదు. పాయింట్‌కి కలిసి ఉన్న కాయిల్ ప్రైమరీ ఇంకో చివర ప్లేటుకే ఎర్త్ అయి ఉంటుంది. ప్రైమరీ అంటే లావు తీగ, చుట్లు తక్కువ, రెసిస్టెన్స్ ఓమ్ అటూ ఇటూగా ఉంటుంది. మీటర్‌కి అదీ షార్టే, అందుకే బీప్ ఆగదు. పాయింట్ స్క్రూ దగ్గర కాయిల్ వైరు, కండెన్సర్ వైరు రెండూ విప్పండి. మీటర్ ఒక కొన పాయింట్‌కి, ఇంకోటి ప్లేటుకి పెట్టండి. ఇప్పుడు పాయింట్ విడిపోగానే బీప్ ఆగుతుంది. బ్యాటరీ, బల్బు పెట్టి చూసేవాళ్లకి కూడా ఇదే నియమం, వైరు విప్పకపోతే బల్బు వెలుగుతూనే ఉంటుంది.

నేవీ_బాబాయ్
లక్ష్మి చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. మీటర్ లేని రోజుల్లో సిగరెట్ పేపర్ పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ షాఫ్ట్ తిప్పేవాళ్లం. పేపర్ ఎక్కడ వదులైతే అక్కడే పాయింట్ విడిపోయినట్టు.

లక్ష్మి_మీటర్
పేపర్ పద్ధతి బాగానే ఉంటుంది బాబాయ్, కానీ పేపర్ నారలు పాయింట్ మీద మిగిలిపోకుండా చూసుకోవాలి. అవి ఉంటే స్పార్క్ రాదు.

ఉప్పాడ_కెరటం
మా వైపు మాటల్లో ప్లగ్గుకి కరెంటు వస్తోందా అంటే స్పార్క్ వస్తోందా అనే. ఇక్కడ ఇన్ని మీటర్లు చూసి మా మెకానిక్ నవ్వుతున్నాడు. చెవి పెట్టి చెప్పేస్తాడట :)

సరస్సు_గట్టు
వైర్లు విప్పి మళ్లీ కొలిచా. రబ్బింగ్ బ్లాక్ ఎత్తు మీద పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే పైది 20 థౌ కచ్చితంగా ఉంది. కిందది 27 థౌ. పాత_ఇంజన్ల_పిచ్చి గారు చెప్పిందే.

పాత_ఇంజన్ల_పిచ్చి
ఏడు థౌ ఎక్కువ. కిందిది 20కి దించండి. స్క్రూ బిగించేటప్పుడు పాయింట్ కదులుతుంది, బిగించాక మళ్లీ కొలవండి. గేజ్ పెట్టి లాగితే కాస్త పట్టు తెలియాలి, బలంగా గుంజకూడదు. ఆ తర్వాత గేజ్ మీది నూనె పాయింట్లకి అంటుకుంటుంది కాబట్టి విజిటింగ్ కార్డు ముక్కని అసిటోన్‌లో ముంచి పాయింట్ల మధ్య నుంచి లాగండి. కొత్త పాయింట్లు వేసినా కరెంటు రావట్లేదని చాలామంది కాయిల్ మార్చేస్తారు, అసలు కారణం ఆ నూనె పొర.

కీ మాత్రం మార్చెయ్యండి. మెట్టు కనపడిందంటే ఫ్లైవీల్ ఒకసారి జారింది. కీకి పని మోటారు బలం మొయ్యడం కాదు, ఫ్లైవీల్‌ని సరైన చోట కూర్చోబెట్టడం. బలం మోసేది టేపర్, అంటే ఫ్లైవీల్ బిగుసుకుని కూర్చునే షాఫ్ట్ ఏటవాలు భాగం. టేపర్ రెండు వైపులా నూనె లేకుండా తుడిచి పొడిగా ఎక్కించి, నట్టు మాన్యువల్‌లో చెప్పినంత టార్క్‌కి బిగించాలి. ఈ 6 హెచ్‌పీకి 40-45 అడుగు పౌండ్లు. చేత్తో అంచనా వేసి బిగిస్తే మళ్లీ జారుతుంది.

చేతక్_చక్రం
కీ కూడా జారి ఉంటే పైది మాత్రం బాగా నడిచిందెలా? రెండూ అడ్వాన్సో రిటార్డో అయి ఉండాలి కదా, మీ లెక్క ప్రకారమే.

పాత_ఇంజన్ల_పిచ్చి
మంచి ప్రశ్న. ఈ మోటారులో పాయింట్లు తెరిచే కామ్ షాఫ్ట్ మీద ఉంది, ఫ్లైవీల్ మీద కాదు. ఫ్లైవీల్ కొంచెం జారితే పాయింట్ విడిపోయే క్షణం మారదు. మారేది ఆ క్షణానికి అయస్కాంతం ఉండాల్సిన చోటు. అప్పుడు స్పార్క్ బలం తగ్గుతుంది. ఈయన కీకి ఉన్న మెట్టు గోరుకి తగిలేంతే కాబట్టి బలం పెద్దగా పోలేదు. బాగా కోసుకుపోతే అసలు స్పార్కే రాదు.

నేవీ_బాబాయ్
ఇది సరిగ్గా చెప్పావు. పైన నువ్వే కీని టైమింగ్ లెక్కలో కలిపావు గానీ, ఈ మోటారు వరకు కామ్ ఎక్కడుందో చూశాకే ఆ మాట అనాలి.

కానీ నా అభ్యంతరం ఇంకోటుంది. 20 థౌ పెట్టేసి వదిలెయ్యడం నాకు నచ్చదు. రబ్బింగ్ బ్లాక్ అరిగుంటే, కామ్ అరిగుంటే 20 థౌ ఉన్నా పాయింట్ విడిపోయే చోటు తప్పుతుంది. ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి పిస్టన్ టాప్ ఎక్కడో చూసి, టాప్‌కి ఎంత ముందు పాయింట్ విడిపోతోందో కొలవడమే అసలు పద్ధతి. డిగ్రీలని మిల్లీమీటర్లలోకి మార్చుకోవచ్చు. ఉదాహరణకి 50 మి.మీ. స్ట్రోక్, 100 మి.మీ. కనెక్టింగ్ రాడ్ ఉన్న ఇంజన్‌లో 25 డిగ్రీలంటే పిస్టన్ టాప్‌కి సుమారు 2.9 మి.మీ. కింద. 20 డిగ్రీలంటే 1.9 మి.మీ. ఐదు డిగ్రీలకి ఒక మిల్లీమీటరు తేడా, గేజ్‌కి అది స్పష్టంగా కనపడుతుంది. ఇవి ఈ జాన్సన్ లెక్కలు కావు, పద్ధతి కోసం చెప్పా.

పాత_ఇంజన్ల_పిచ్చి
రేసింగ్ మోటారుకైతే చెయ్యాల్సిందే. చేపలు పట్టే 6 హెచ్‌పీకి రెండు పాయింట్లూ ఒకదానికొకటి కచ్చితంగా 180 డిగ్రీల్లో విడిపోతున్నాయా అని మీటర్‌తో చూస్తే సరిపోతుంది. అది కుదిరితే నా దృష్టిలో ఆ మోటారుకి టైమింగ్ బాగున్నట్టే.

నేవీ_బాబాయ్
సరిపోవడం వేరు, సరిగ్గా ఉండటం వేరు. నేను గేజ్ పక్షమే.

లక్ష్మి_మీటర్
ఇద్దరికీ నచ్చేది ఒకటి చెప్తా. చిన్న డిగ్రీ చక్రం కాగితం మీద ప్రింట్ చేసుకుని షాఫ్ట్ మీద పెట్టి, పైది విడిపోయిన చోట, కిందిది విడిపోయిన చోట రెండూ రాసుకోండి. తేడా 180 రాకపోతే గ్యాప్ సర్దండి. ఖర్చు కాగితమే.

ఉప్పాడ_కెరటం
మాకు టైమింగ్ గొడవ వేరే రకం. కిరోసిన్ మోటారు పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కాక కిరోసిన్‌కి మార్చి, ఒడ్డుకి వచ్చేముందు మళ్లీ పెట్రోలుకి మారుస్తాం, కార్బొరేటర్‌లో కిరోసిన్ మిగలకుండా. దానికి కంప్రెషన్ తక్కువ పెడతారు. ఎవరైనా మామూలు పెట్రోలు మోటారుకి కిరోసిన్ పోస్తే కటకటమని కొట్టుకుని పిస్టన్ పోతుంది. కిరోసిన్‌కి ఆక్టేన్ తక్కువ, తట్టుకోలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మెకానిక్‌ల దగ్గరికి వచ్చే పిస్టన్లలో అలాంటివి కొన్ని ఉంటాయి.

నేవీ_బాబాయ్
మంచి మాట చెప్పావు తమ్ముడూ. అడ్వాన్స్ టైమింగ్, తక్కువ ఆక్టేన్, రెండూ పిస్టన్‌ని కొట్టేది ఒకే చోట.

సరస్సు_గట్టు
కొత్త కీ వేసి, కింది గ్యాప్ 20కి దించి, లక్ష్మిగారి కాగితం చక్రంతో చూశా. 180కి కుదిరాయి. కాయిళ్ల ఇనప అంచులు ప్లేటు మీది బాసులకి (అవి కూర్చునే దిమ్మెలకి) సమంగా ఉన్నాయో లేదో కూడా వేలితో తడిమి చూశా, బాగున్నాయి. ఇప్పుడు కార్బొరేటర్ రోలర్ గురించి పైన అన్నారు, దాన్నీ కదిలించాలా?

పాత_ఇంజన్ల_పిచ్చి
తప్పకుండా చూడండి, చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ప్లేటు కింది కామ్ మీద ఒక గీత ఉంటుంది. థ్రాటిల్ మెల్లగా తిప్పుతూ ఆ గీత రోలర్ దగ్గరికి వచ్చేసరికి కార్బొరేటర్ షట్టర్ అప్పుడే కదలడం మొదలుపెట్టాలి. ముందే తెరుచుకుంటే స్పార్క్ అడ్వాన్స్ కాకముందే గాలి, పెట్రోలు ఎక్కువైపోయి మోటారు ఉక్కిరిబిక్కిరవుతుంది. ఆలస్యంగా తెరుచుకుంటే స్పార్క్ ముందుకి పోయి పెట్రోలు అందక కిందా మీదా పడుతుంది. టైమింగ్ ముందు, ఇది తర్వాత. వరస మార్చొద్దు.

చేతక్_చక్రం
ఇదంతా చూశాక మా చేతక్ కూడా ఒకసారి విప్పి చూడాలనిపిస్తోంది.

లక్ష్మి_మీటర్
విప్పే ముందు ఫొటో తియ్యండి. ఏ వైరు ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.

సరస్సు_గట్టు
నీళ్ల డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేశా. తాడు వెనక్కి తన్నడం పోయింది. ఇవాళ సరస్సు మీదకి తీసుకెళ్లి ఫుల్ థ్రాటిల్‌లో చాలాసేపు నడిపా, స్పీడు పడలేదు. ఒడ్డుకి వచ్చాక ప్లగ్గులు చూస్తే కిందది కూడా గోధుమ రంగులోకి వస్తోంది. స్లో స్పీడు కొంచెం ఎక్కువగా ఉంది, కార్బొరేటర్ నీడిల్ సర్దాలి. బాబాయ్ చెప్పిన కింది సీల్ గురించి కూడా ఆలోచిస్తున్నా.

నేవీ_బాబాయ్
ప్లగ్గు రంగు మారిందంటే సీల్ బాగుంది. కొన్నాళ్లు నడిపి మళ్లీ చూడు, తెల్లబడితే అప్పుడు సీల్ చూద్దాం. డ్రమ్ములో నడిపేటప్పుడు నీళ్లు ఇంపెల్లర్ కంటే పైన ఉండాలి, ప్రొపెల్లర్ దగ్గర చెయ్యి పెట్టొద్దు. స్లో నీడిల్ మోటారు వేడెక్కాకే తిప్పు.

ఉప్పాడ_కెరటం
ఆ తీసేసిన పాయింట్లు పారెయ్యకు అన్నా. మొహాలు మాడి గుంటలు పడకపోతే సన్నటి ఫైల్‌తో ఒక్కసారి రుద్ది దాచుకో. సముద్రం మీద స్పేర్ లేని రోజు పాతదే దిక్కు.

పాత_ఇంజన్ల_పిచ్చి
గుంటలు పడ్డాయంటే కండెన్సర్ బాలేదని అర్థం, ఫైల్ చేసి లాభం లేదు. శుభ్రంగా ఉంటే దాచుకోవచ్చు. కానీ ఇసక కాగితం వద్దు, రేణువులు ఇరుక్కుంటాయి.

చేతక్_చక్రం
మా ఊళ్లో అందరూ ఇసక కాగితమే వాడతారు, ఏమీ కాలేదు.

పాత_ఇంజన్ల_పిచ్చి
వాడతారు, ఆ పాయింట్లే ఏడాదికోసారి మారుస్తారు కూడా.